బండికి కమాను లేల?

బండికి కమానులు గట్టుట యెక్కువారి సుఖముకొఱకే యని పలువురు తలంతురు. జట్కాకు కమాను లుండెడివి, ఎడ్లబండికి లేవు. జట్కా యెక్కినవాడు బాడుగ నిచ్చును, కుదిపిన గసరుకొనును. ఎడ్లబండిలోని ధాన్యపుబస్తాలు నోరెత్తవు. కావున కమాను కలవారి విలాసవస్తువని తోచుట సహజమే. కాని యీ యభిప్రాయము సగమే నిజము. పైన గూర్చున్న మనుష్యునికి మాత్రమే గాక, బండి నీడ్చు జంతువునకును, ఇరుసునకును, క్రిందిబాటకును కమాను మేలుచేయును. రైలుమార్గముల చరిత్రలో నీ సంగతి మిక్కిలి స్పష్టముగా గానవచ్చుచున్నందున దానిని మా విద్యార్థులకు గొంత వివరింప నెంచితిమి.

మొదట గుఱ్ఱపుబండిని చూతము. కమాను లేని బండిచక్రము రెండంగుళముల రాతి నెక్కినప్పుడు, ఆ చక్రముపై నానియున్న బరువంతయు దానితోగూడ పైకి లేవవలయును. గుఱ్ఱము బండిని లాగుటయే గాక యా క్షణమున నెత్తవలసియు వచ్చును. రాయి దాటగానే యా బరువు ధబాలున బడును. ఎత్తుటకు వెచ్చించిన శ్రమ బాటను గుంటలు చేయుటలో వ్యర్థమగును. నడుమ గమాను ఉన్నయెడల, చక్రమును ఇరుసును మాత్రమే చటుక్కున లేచును. కమాను వంగి యా కుదుపును దనలో నిముడ్చుకొనును. పైబరువు దాదాపు తొల్లిటి యెత్తుననే సాగిపోవును. చక్రము దిగగానే కమాను విచ్చుకొని తాను దాచిన శక్తిలో జాలభాగమును దిరిగి యిచ్చును. ఐర్లండువాడగు రిచర్డు లవెల్ ఎడ్జ్‌వర్తు 1813లో బాటలను గూర్చియు బండ్లను గూర్చియు బ్రకటించిన గ్రంథమున, కమానులు గుఱ్ఱముల శ్రమను దగ్గించునని గట్టిగా వాదించెను. అయితే యీ లాభము వేగముతో బెరుగునది. నడకసాగు బండికి గొంచెము, పరుగెత్తు బండికి మెండు. మన యెడ్లబండికి కమానులు రాకపోవుటకు నిదియు నొక కారణమని మా తలంపు. మఱియొక కారణము వెల. ఎట్లయినను గతుకుబాటను కాడిక్రింది మెడలకు దగులు పోటును లెక్కించినవారు తక్కువ.

ఐరోపాలో ఉక్కుకమానులు వ్యాపించుటకు మునుపు బండిపెట్టెను తోలుపట్టెడలతో వ్రేలాడదీసెడివారు. అది యుయ్యెలవలె నూగును గాని గట్టిదెబ్బను మ్రింగలేదు. 1665లో లండనునందలి రాయల్ సొసైటీకి జెందిన కొందఱు బండ్లకు స్ప్రింగుల నమర్చి పరీక్షించిరి. దినచర్య వ్రాసి పేరుగాంచిన సామ్యుయెల్ పీప్స్ వానిని జూచి వ్రాసియున్నాడు. ఆ సొసైటీలోని రాబర్టు హుక్కు, స్ప్రింగు ఎంత బలముతో లాగిన నంతకు దగినట్లే సాగునను నియమమును గనిపెట్టెను. ఇతరులు తన మాటను దొంగిలింతురను భయముతో గాబోలు, 1676లో దానిని లాటినుభాషలో నక్షరములు తారుమారు చేసి యొక పొడుపుకథవలె నచ్చువేయించి, 1678లో విప్పిచెప్పెను. తూనికస్ప్రింగునకు రెండు సేర్లు తగిలించిన ముల్లు ఒకసేరునకు దిగినదానికి రెట్టింపు దిగుటకు గారణ మీ నియమమే.

నియమము దెలిసినంతమాత్రమున గమాను రాదు. దానికి దగిన ఉక్కు కావలయును. వంగి మరల నిలువని యినుము పనికిరాదు, వంగక పెళుక్కుమని విరుగు నుక్కును బనికిరాదు. ఎఱ్ఱగా గాల్చి నీటనో నూనెలోనో ముంచి గట్టిపఱచిన యుక్కుపట్టీని మరల మెల్లగా గాచి, నీలిరంగు వచ్చువేళ దీసినచో పెళుసుదనము దగ్గి పట్టుదనము నిలుచును. ఈ పదనులోనే కమ్మరి నేర్పంతయు నున్నది. గడియారముల స్ప్రింగులకు మేలైన యుక్కు దొరకక విసిగిన బెంజమిన్ హంట్స్‌మన్ అను నింగ్లీషు గడియారపుబనివాడు 1740వ దశకమున మూసలలో ఉక్కును గరగించు పద్ధతిని సాధించెను. మన తెలంగాణములోని కోనసముద్రపు కమ్మరులును మూసలందే యుక్కు చేసెడివారు; అది ఖడ్గములకు బేరెన్నికగన్నది. 19వ శతాబ్ది తొలియేండ్లలో లండను బండ్లపనివాడు ఒబడయా ఎలియట్ (మన బైబిలులోని ఓబద్యా పేరే) రెండు కమానుకట్టలను అండాకారముగా నెదురెదురు జేర్చి, వానిపై బండిపెట్టెను నేరుగా నిలిపెను. అంతకుముందు ముందుయిరుసును వెనుకయిరుసును గలుపుచు నుండిన బరువైన దూలముతో బనిలేకపోయెను, బండి తేలికయయ్యెను.

ఇక రైలు. 1804లో రిచర్డు ట్రెవితిక్ వేల్సుదేశమున పెనిడారెన్ ఇనుపకార్ఖానానుండి తన యావిరియింజనుతో 10 టన్నుల యినుమును సుమారు 9 మైళ్లు లాగించెను. ఇంజను గెలిచెను గాని పట్టాలు ఓడెను. అవి పోతయినుపవి, గుఱ్ఱములు లాగు చిన్నబండ్లకొఱకు వేసినవి. కమానులు లేని యింజనుబరువునకు విరిగిపోయెను. మెత్తని దుమ్ముబాటపై గమాను లేని బండి గుంట చేయును, ఇనుపబాటపై బాటనే విఱుచును. ఇంకొక చిక్కు. నాలుగుకాళ్ల బల్లను ఎగుడుదిగుడు నేలపై నుంచినచో మూడుకాళ్లపైనే నిలుచును గదా. బిగుతుచట్రముగల బండియు నట్లే. ఒకచక్రము తేలిపోవును, దానివంతు బరువు తక్కినచక్రములపై బడును. తేలినచక్రము పట్టా తప్పుటయు సులభము.

జార్జి స్టీఫెన్‌సన్ ఈ రహస్యమును గ్రహించెను గాని, ఇంజనును మోయగల ఉక్కుకమానులు నాడు లభింపలేదు. అందుచే నతడు విలియం లోష్ అనువానితో గలసి 1816లో నొక చిత్రమైన యుపాయమునకు హక్కుపత్రము పొందెను. బాయిలరు క్రింద నిలువుసిలిండర్లను బెట్టి, వానిలోని పిస్టనులను ఇరుసులపై నాన్చి, బాయిలరులోని యావిరియొత్తిడియే యింజనును మోయునట్లు చేసెను. పైగా నన్ని చక్రములపైనను బరువు సమముగా బడును. ఆలోచన మేలైనదే గాని, పనితనము చాలక యావిరి కారిపోవుచుండెను. తరువాత ఉక్కు మెఱుగుపడెను. 1828 నాటి ‘లాంకషైర్ విచ్’ అను నింజనునకును, 1829లో రెయిన్‌హిల్ పందెము గెలిచిన ‘రాకెట్టు’నకును ఉక్కుపట్టీల కమానులే యమర్చిరి. ఆవిరికమానులు మూలబడెను.

అయిన గమాను ఎంత మెత్తగా నుండవలయును? బరువునకు నొక్కయంగుళమే దిగు కమానుపైనున్న పెట్టె సెకండునకు మూడుసారు లెగిరిపడును, ఎముకలు కదలును. పదియంగుళములు దిగు కమానుపై సెకండున కొకసారి మాత్రమే మెల్లగా నూగును. అట్లయిన నన్నిటికిని మెత్తని కమానులే వేయరాదా యనవచ్చును. వేయరాదు. మన బొగ్గువ్యాగను ఖాళీగా నున్నప్పుడు సుమారు 22 టన్నులు, నిండినప్పుడు 80 టన్నులకు మించును. నిండుబరువునకు పదియంగుళములు దిగు కమాను ఖాళీవేళ మూడంగుళములకు లోపుగనే దిగును. నడుమ నేడంగుళముల భేదము! అప్పుడు ఖాళీవ్యాగను కొక్కెమును నిండువ్యాగను కొక్కెమును గలియుట యెట్లు? కావున సరుకుబండ్ల కమానులు బిఱుసుగా నుండక తప్పదు.

పట్టీల కమానులో నొక గుణము గలదు: పట్టీలు ఒకదానిపై నొకటి రాచుకొనుటచే నూగు దానంతట నణగును. తుప్పుపట్టిన నదే గుణము దోషమై కమాను బిగిసిపోవును. చుట్టస్ప్రింగులో నట్టి రాపిడి లేదు. ఊగ నారంభించిన నాగనే యాగదు. అందుచే 1955నుండి పెరంబూరులో గట్టిన రైలుపెట్టెలలో చుట్టస్ప్రింగులతో నూనెడబ్బాల నమర్చిరి. నూనె యిరుకురంధ్రములగుండ దూరుచు నూగును మ్రింగును. సరుకువ్యాగనులలో ముక్కోణపు టినుపదిమ్మెలు రాచుకొని యాపని చేయును.

స్టీఫెన్‌సను నాడు విడిచిన యాలోచన యిప్పుడు వేఱురూపమున దిరిగివచ్చినది. వందే భారత్ రైళ్లలోను, ముంబయి స్థానికరైళ్లలో ననేకముల యందును పెట్టె నేరుగా నుక్కుపై గాక, గాలి నింపిన రబ్బరుతిత్తులపై నిలుచును. ఆవిరికి బదులు గాలి. కాఱు పిస్టనులకు బదులు రబ్బరు. జనము క్రిక్కిఱిసి పెట్టె క్రుంగినచో నొక కవాటము దెఱచుకొని తిత్తిలోనికి మఱికొంతగాలిని బంపును; జనము దిగినచో గాలిని వదలును. అందుచే ఖాళీగానున్నను నిండినను పెట్టె యెత్తొక్కటే, ఊగువేగమును దాదాపు ఒక్కటే. సరుకువ్యాగనుల విషయమున జెప్పిన యేడంగుళముల చిక్కు ఇక్కడ లేదు. స్టేషనులో జనము దిగుచుండగా పెట్టెక్రింద బుస్సుమని వినబడు చప్పుడులో గొంత యా కవాటమునుండి వెలువడు గాలిదే.