గరికకు వచ్చిన గౌరవం
ఫిలింనగర్ చుట్టూ మూడు గోల్ఫ్ మైదానాలు

జూబిలీహిల్స్: హీరోయిన్ తండ్రి కోటీశ్వరుడని చెప్పడానికి పాత సినిమాల్లో పెద్ద సన్నివేశం అవసరమయ్యేది కాదు. తలకో తెల్లటోపీ, చేతికో వంకీ కర్ర, కాళ్ల కింద పచ్చిక ఉంటే చాలు. టూరింగ్ టాకీసులో నేల టిక్కెట్టు మీద కూర్చున్న ప్రేక్షకుడికి ఆ ఆట పేరు తెలియకపోయినా, ఆడుతున్నవాడు కలవారి బిడ్డ అని తెలిసిపోయేది.

అటువంటి సినిమాలు తీసేవారు, ఆడేవారు ఇళ్లు కట్టుకున్న జూబిలీహిల్స్, ఫిలింనగర్ కొండల నుంచి నిజం గోల్ఫ్ మైదానాలు ఎంతో దూరం లేవు. దక్షిణాన గోల్కొండ కొత్తకోటలో ఒకటి, పడమట గచ్చిబౌలి, మణికొండల వైపు మరొకటి, ఈశాన్యాన సికింద్రాబాద్ కంటోన్మెంటులో సైన్యం వారిది ఇంకొకటి ఉన్నాయి. వీటిలో ఏది మంచిది అని అడిగితే ఆడేవారు ఒక లెక్క చెబుతారు. చుట్టుపక్కల పల్లెల్లో భూమిని నమ్ముకుని బతికేవారికి ఇంకో లెక్క ఉంటుంది.

బిళ్ళంగోడుకు దూరపు చుట్టం

ఆట అర్థం కానిదేమీ కాదు. కర్రతో కొట్టడంలో అది మన బిళ్ళంగోడుకు, చిర్రగోనెకు చుట్టం. గుంతలో పడేయడంలో గోలీలాటకు చుట్టం. మైదానంలో 18 చోట్ల గుంతలుంటాయి. ఒక్కొక్క గుంత వెడల్పు నాలుగుంపావు అంగుళాలు. బంతి బరువు 46 గ్రాములకు మించదు. మొదలుపెట్టిన చోటి నుంచి గుంత దాకా వంద గజాల నుంచి ఐదారువందల గజాల దూరం ఉంటుంది. ఎవరు తక్కువ దెబ్బల్లో 18 గుంతలూ పూర్తి చేస్తే వారిదే గెలుపు. సాధారణంగా పెద్ద మైదానాల్లో చేయి తిరిగిన ఆటగాడు 72 దెబ్బల్లో ముగించాలని లెక్క కడతారు. దారిలో ఇసుక గుంతలు, నీటి మడుగులు, చెట్లు కావాలనే పెడతారు. ఆటగాడు ఒకేసారి 14 కర్రలకు మించి వెంట ఉంచుకోరాదు.

స్కాట్లండులో పశువులు మేసే ఇసుక దిబ్బల మీద పెరిగిన ఈ ఆట ఆంగ్లేయులతో మన దేశానికి వచ్చింది. 1829లో స్థాపించిన కలకత్తా గోల్ఫ్ క్లబ్బు బ్రిటిష్ దీవుల వెలుపల అన్నిటికన్నా పాతది. దండు ఎక్కడ దిగితే అక్కడికి ఈ ఆట కూడా వెళ్లింది. సికింద్రాబాద్‌లో బైసన్ పేరిట సైన్యం నడిపే మైదానం ఆ వరుసలోనిదే. అక్కడ సైనికులకు, వారి కుటుంబాలకు పెద్దపీట.

కోటగోడల మధ్య ఆట

ఫిలింనగర్ నుంచి షేక్‌పేట దిగి ఏడు గుమ్మటాల వైపు వెళితే గోల్కొండ కొత్తకోట వస్తుంది. మొగలుల దాడి తర్వాత 1656లో అబ్దుల్లా కుతుబ్‌షా దీనిని కట్టించాడు. కోట పక్కనున్న గుట్ట శత్రువుల ఫిరంగులకు అనువుగా ఉండడంతో ఆ గుట్టనే గోడ కట్టి లోపల కలిపేశారు. ఆ కోట లోపల ఇప్పుడు గోల్ఫ్ ఆడుతున్నారు.

1992లో ఏర్పడిన హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ ఇక్కడ మైదానాన్ని తీర్చిదిద్దింది. మొదట చిన్నదిగా ఉన్నది తర్వాత 18 గుంతల మైదానమైంది. గోల్కొండ మాస్టర్స్ పేరిట దేశంలోని వృత్తి ఆటగాళ్లు ఇక్కడ పోటీపడ్డారు. కోట బురుజులు, రాళ్లగుట్టలు కంటికెదురుగా ఉంటే బంతి కొట్టడం దేశంలో మరోచోట దొరకని అనుభవమని ఆటగాళ్లు మెచ్చుకుంటారు.

అదే ఆవరణలో ఆటగాళ్లకన్నా పెద్దమనిషి ఒకరున్నారు. స్థానికులు ‘హాథియోం కా ఝాడ్’, అంటే ఏనుగుల చెట్టు, అని పిలిచే ఆఫ్రికా జాతి మహావృక్షం అది. నాలుగువందల ఏళ్ల పైబడిన చెట్టని అంటారు. మొదలు చుట్టూ పది పదిహేనుమంది చేతులు పట్టుకున్నా చాలదు. లోపలి తొర్రలో మనుషులు నిలబడవచ్చు. దగ్గర్లోనే కుతుబ్‌షాహీల నాటి ముల్లా ఖయాలీ మసీదు ఉంది. 2014లో పురావస్తు శాఖ తవ్వించినప్పుడు నేల కింద కుతుబ్‌షాహీల తోట బయటపడింది. మట్టి గొట్టాలు, నీటి కాలువలు, తొట్లు అందులో కనిపించాయి. నీటిని ఏటవాలుతోనే నడిపించి తోట తడిపిన పనితనం అది.

చరిత్ర ఇంత దట్టంగా ఉన్న నేల మీద పచ్చిక పరచడం తగునా అని చరిత్రను అభిమానించేవారు ఆక్షేపించారు. చెట్టును, మసీదును చూడబోతే మైదానం దాటాలి. రాకపోకల మీద కోట ప్రజలకు, క్లబ్బుకు ఏళ్ల తరబడి తగవు నడిచింది. మైదానం లేకుంటే గోడలోపలి ఖాళీ జాగా ఆక్రమణల పాలయ్యేదని ఒక పక్షం వారు చెబుతారు. అందరిదైన కోటకు కొందరు కాపలాదారులైతే ఎలా అని రెండో పక్షం వారు అడుగుతారు. రెండు మాటల్లోనూ కొంత పస ఉంది.

బండల మధ్య 235 ఎకరాలు

గచ్చిబౌలి వైపున్న బౌల్డర్ హిల్స్ మైదానం కథ వేరు. పేరులోనే బండలున్నాయి. హైదరాబాద్ చుట్టూ ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే ఈ గండశిలల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. జూబిలీహిల్స్, ఫిలింనగర్ కట్టిందీ ఇటువంటి బండల మీదే. అక్కడ చాలావరకు పగలగొట్టి మేడలు లేపారు. ఇక్కడ కొన్నిటిని ఉన్నచోటే ఉంచి, వాటి మధ్యనే ఆటకు దారులు తీశారు. మైదానానికి రూపం ఇచ్చినవారు పీటర్ హరడైన్. నగరంలో పొడవైన, కష్టమైన ఆట కావాలనుకునేవారు దీనికే ఓటు వేస్తారు.

ఉమ్మడి రాష్ట్రంలో పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ, దుబాయికి చెందిన ఎమ్మార్ కలిసి 535 ఎకరాల్లో తలపెట్టిన పథకంలో ఈ మైదానం వాటా 235 ఎకరాలు. మిగిలిన దానిలో విల్లాలు, హోటలు, సమావేశ మందిరం. ఆ స్థలాల అమ్మకాలపై వివాదం రేగి, 2011లో హైకోర్టు ఆదేశంపై సీబీఐ విచారణ మొదలైంది. ఈ చుట్టుపక్కల మణికొండ జాగీరు భూములపై మరో వ్యాజ్యం కూడా దీర్ఘకాలం సాగింది. హుస్సేన్‌సాగర్ తవ్వించిన హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గాకు చెందిన వక్ఫ్ ఆస్తి అని ఒక వాదన. ప్రభుత్వ భూమి అని మరో వాదన. 1,654 ఎకరాల పైచిలుకు భూమి ప్రభుత్వానిదేనని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది.

ఒకనాడు గొర్రెలు మేసిన గుట్టలు, జొన్నచేలు ఇవి. ఎకరం విలువ కోట్లకు చేరాక ఇక్కడి ఒక్క గుంట నేల కోసం ఎందరు ఎన్ని కోర్టుల మెట్లు ఎక్కారో ఈ ప్రాంత రైతులకు వేరే చెప్పనక్కరలేదు.

పచ్చిక తాగే నీళ్లు

రైతులకు ఆశ్చర్యం కలిగించే సంగతి మరొకటుంది. మనం పొలంగట్ల మీద పీకిపారేసే గరికే గోల్ఫ్ మైదానపు సిరి. వినాయకుడికి పెట్టే ఆ గరికనే విదేశాల్లో బెర్ముడా గడ్డి అంటారు. దానిని ఆఫ్రికా జాతి గరికతో సంకరం చేసి, అమెరికాలో జార్జియా రాష్ట్రపు టిఫ్టన్ కేంద్రంలో మెత్తని పొట్టి రకాలు తయారుచేశారు. 1965లో విడుదలైన టిఫ్‌డ్వార్ఫ్ అందులో ప్రసిద్ధమైనది. గుంత చుట్టూ ఉండే పచ్చికను మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తున కత్తిరిస్తారు. చాప పరిచినట్టు ఉండాలి, లేకుంటే బంతి దారి తప్పుతుంది.

ఎండను తట్టుకునే గరికే అయినా ఏడాది పొడుగునా పచ్చగా ఉండాలంటే నీరు కావాలి. లెక్క సులువైనదే. ఎకరం నేలకు 5 మిల్లీమీటర్ల తడి ఇవ్వాలంటే 20 వేల లీటర్లు పడుతుంది. మైదానంలో 50 ఎకరాల పచ్చికకు అలా తడిపెడితే రోజుకు 10 లక్షల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకరుతో కొలిస్తే 200 ట్యాంకర్లు. వరి ఎకరానికి ఇంతకన్నా ఎక్కువే తాగుతుంది, నిజమే. కాని వరి నాలుగు నెలల్లో గింజనిస్తుంది. ఈ పచ్చికకు కోత రోజూ ఉంటుంది, పంట మాత్రం ఉండదు.

దీనికి విరుగుడు లేకపోలేదు. పచ్చిక తినే వస్తువు కాదు గనుక, శుద్ధి చేసిన మురుగునీరు దానికి సరిపోతుంది. లోకంలో అనేక మైదానాలు ఆ పద్ధతిలోనే నడుస్తున్నాయి. కురిసిన వానను పల్లపు మడుగుల్లో నిలిపితే చుట్టుపక్కల బోర్లకూ మేలు. బోరు నీటితో పచ్చిక పెంచే మైదానానికి, మురుగునీటితో పెంచే మైదానానికి ఆటలో తేడా ఉండదు. పక్క ఊరి బావిలో ఉంటుంది.

సంచి మోసినవాడే విజేత

ఆటగాడి కర్రల సంచి మోసేవాడిని కాడీ అంటారు. ఒక ఆట ముగిసేసరికి ఏడెనిమిది కిలోమీటర్లు నడవాలి. మోయడమే కాదు, గాలి ఎటు వీస్తోంది, నేల ఎటు వాలి ఉంది, ఏ దూరానికి ఏ కర్ర అని సలహా చెప్పాలి. మైదానాల పక్కనున్న బస్తీల, పల్లెల పిల్లలకు ఈ పని దొరుకుతుంది.

ఆ దారిలోనే పైకి వచ్చినవారున్నారు. ఢిల్లీలో కాడీగా బతుకు మొదలుపెట్టిన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. అంతకుముందు ఆ పోటీని ఏ భారతీయ వృత్తి ఆటగాడూ గెలవలేదు. బెంగళూరు శివారు ఈగల్టన్ మైదానం పక్క పల్లెలో పుట్టిన చిక్కరంగప్ప చిన్నతనంలో బంతులు ఏరేవాడు. తర్వాత దేశంలోని ముందు వరుస ఆటగాళ్లలో ఒకడయ్యాడు. ఇక మన తెలుగు కుటుంబం నుంచి వెళ్లినవాడు సాహిత్ తీగల. తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లి స్థిరపడ్డారు. కాలిఫోర్నియాలో పుట్టిన సాహిత్ 2023 సెప్టెంబరులో అక్కడి పెద్ద పోటీల వరుసలో తొలి విజయం సాధించాడు.

అంటే ఈ ఆట పుట్టుకతో కలవారిది కాదు. ఖర్చుతో కలవారిదైంది. మన దగ్గర బడిపిల్లలకు ఉదయం పూట కొన్ని గంటలు మైదానం తెరిచి, సంచి మోసే కుర్రాళ్లకు సెలవు రోజున కర్ర చేతికిస్తే, రేపటి చిక్కరంగప్ప మణికొండలోనో కోట బస్తీలోనో ఉండకపోడు.

ఆడేవారు పొడవు చూసి బౌల్డర్ హిల్స్‌ను, గోడల అందం చూసి కొత్తకోటను మెచ్చుకుంటారు. ఊరివారు మాత్రం మూడు ప్రశ్నలు అడగవచ్చు. నీరు ఎక్కడిది? పని ఎవరికి? అందరిదైన చెట్టు దగ్గరకు, గుడి, మసీదుల దగ్గరకు దారి తెరిచి ఉందా? ఈ మూడింటికీ సరైన జవాబు చెప్పగలిగిన మైదానమే మంచి మైదానం.