ఓడలో మోటారు సైకిలును ఎందుకు కట్టేస్తారు?

సత్తెనపల్లి నుండి అచ్చంపేట మీదుగా మాదిపాడు రేవుకు వెళితే, కృష్ణకు అవతలి ఒడ్డున ముక్త్యాల కనిపిస్తుంది. ఈ రెండు ఒడ్డుల మధ్య ఏళ్ల తరబడి బల్లకట్టు నడిచింది. పడవల మీద అడ్డంగా దూలాలు వేసి, వాటిపై బల్లలు పరిస్తే బల్లకట్టు. తరువాత చెక్క స్థానంలో ఇనుము వచ్చిందిగాని పేరు మారలేదు. గోదావరి మీద నరసాపురం – సఖినేటిపల్లి రేవులో ఇటువంటిదాన్నే పంటు అంటారు.

బల్లకట్టు మీదికి మోటారు సైకిలు ఎక్కించిన మనిషి ఏం చేస్తాడో ఎప్పుడైనా గమనించారా? ఇంజను ఆపి, సీటు మీదే కూర్చుని, రెండు కాళ్లూ కింద ఆనించి, అవతలి ఒడ్డు వచ్చేదాకా పక్కవాడితో కబుర్లు చెబుతాడు. తాడు సంగతే తలపెట్టడు.

అదే మనిషి అదే బండితో, రాత్రంతా సముద్రం మీద నడిచే ఓడ ఎక్కాడనుకోండి. ఓడ సిబ్బంది బండిని ఇనుప నేలకున్న రింగులకు పట్టీలతో బిగించి కట్టేస్తారు. "నా బండి పక్కనే పడుకుంటాను" అంటే ఒప్పుకోరు, పై అంతస్తుకు పొమ్మంటారు. మొదటిసారి ఎక్కినవాడికి ఇదంతా అతిజాగ్రత్తగానే తోస్తుంది. అక్కడా నీరే, ఇక్కడా నీరే. మరి ఇంత తేడా ఎందుకు?

ముందు ఈ ఓడలెక్కడ ఉన్నాయో చెప్పుకుందాం. మన దేశంలో గుజరాత్‌లోని ఘోఘా, హజీరా రేవుల మధ్య వాహనాలతో సహా మనుషులను దాటించే ఓడ సర్వీసు 2020 నవంబరు 8న ప్రారంభమైంది. రోడ్డున 370 కిలోమీటర్లున్న దారి సముద్రం మీద 90 కిలోమీటర్లకు తగ్గింది. అది కొన్ని గంటల ప్రయాణమే. రాత్రి ఓడలు చూడాలంటే యూరపు వెళ్లాలి. గ్రీసు దేశంలో పిరియస్ రేవులో రాత్రి తొమ్మిది గంటల ప్రాంతంలో ఓడ ఎక్కితే తెల్లవారేసరికి క్రీటు దీవిలో దిగవచ్చు. చదువులకూ ఉద్యోగాలకూ ఆ దేశాలకు వెళ్లిన మన తెలుగు కుర్రాళ్లు సెలవుల్లో మోటారు సైకిళ్ల మీద తిరగాలనుకుంటే ఇటువంటి ఓడలే దారి. కురిచేడులో చదివిన పిల్లవాడు రేపు అక్కడికి పోడని ఎవరనగలరు?

ఇక లెక్కకు వద్దాం. మన బల్లకట్టు కింద 10 మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు ఉన్న తేలే పెట్టెలు రెండున్నాయనుకోండి. రెండూ కలిపి 30 చదరపు మీటర్లు. 150 కిలోల మోటారు సైకిలు, 60 కిలోల మనిషి ఎక్కితే 210 కిలోలు. ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం 210 లీటర్ల నీరు పక్కకు తొలగాలి. అంటే బల్లకట్టు ఏడు మిల్లీమీటర్లు దిగుతుంది, మీ చిటికెనవేలి మందం కూడా కాదు. సరుకు నింపిన ట్రాక్టరు ఆరు టన్నులుంటే 20 సెంటీమీటర్లు దిగుతుంది. నీరు మోయగలదు. చిక్కు బరువుతో కాదు, బరువు ఎక్కడ ఉందన్నదానితో వస్తుంది.

మార్కాపురం పలకల రాయి వేసుకుని పోయే బండిని, చొప్ప వేసుకుని పోయే బండిని పోల్చి చూడండి. రెండింటి బరువూ ఒకటే అనుకుందాం. గతుకులో ఒక చక్రం దిగితే పలకల బండి ఒరిగి లేస్తుంది, చొప్పబండి బోల్తా కొడుతుంది. పలకలు బండి అడుగున పరుచుకుని ఉంటాయి కనుక దాని గరిమనాభి కిందకు ఉంటుంది. చొప్పబండికి అది ఎంతో పైన ఉంటుంది. గరిమనాభి నుండి దించిన లంబరేఖ చక్రాల మధ్య పడినంతసేపూ బండికి భయం లేదు. చక్రం దాటి బయట పడిందా, పడిపోవలసిందే.

మోటారు సైకిలు సంగతీ ఇంతే. పక్క స్టాండు మీద నిలిపిన బండి ముందు చక్రం, వెనుక చక్రం, స్టాండు అడుగు అనే మూడు బిందువుల మీద నిలుస్తుంది. ఈ మూడింటినీ కలిపితే సన్నటి త్రిభుజం. స్టాండు ఎడమ వైపున ఉంటుంది కనుక బండి ఎడమకు సుమారు పది డిగ్రీలు వాలి ఉంటుంది. ఓడ ఎడమకు ఒరిగితే బరువంతా స్టాండు మీద పడుతుంది, స్టాండు మోస్తుంది. కుడికి 15 డిగ్రీలు ఒరిగితే? పది డిగ్రీలకే బండి నిటారుగా లేస్తుంది. మిగిలిన ఐదు డిగ్రీలకు లంబరేఖ చక్రాలు దాటి కుడివైపున బయట పడుతుంది. ఆ వైపు ఆపడానికి స్టాండు లేదు. పక్కనున్న బండి మీద పడుతుంది, అది దాని పక్కదాని మీద.

నదిలో ఇలా ఎందుకు జరగదు? గాలి నీటి మీద ఎంత దూరం అడ్డులేకుండా వీస్తే అంత పెద్ద అల లేస్తుంది. కృష్ణ మీద గాలికి అంత దూరం దొరకదు. సముద్రం మీద వందల కిలోమీటర్లు దొరుకుతుంది. పైగా కాలం సంగతి చూడండి. అలల మీద ఓడ ఒక్కసారి అటూ ఇటూ ఊగి రావడానికి 12 సెకన్లు పట్టిందనుకుంటే పది గంటల్లో మూడు వేల సార్లు ఊగుతుంది. బల్లకట్టు మీద మనిషి తన కాళ్లనే స్టాండుగా వాడుకున్నాడు. పది ఇరవై నిమిషాలకు అవి చాలు. మూడు వేల ఊపులకు నిద్రపోని కాళ్లు కావాలి, అవే ఆ పట్టీలు.

కట్టడంలోనూ భౌతికశాస్త్రం ఉంది. పట్టీలు రెండు వైపులా ఉండాలి. ఒకవైపే లాగి కడితే అదే వైపు ఒరుగు దానికి సాయమే చేస్తుంది! పట్టీని బిగించి ముందు చక్రం మీది స్ప్రింగులు కొంత అణిగేదాకా కిందకు లాగుతారు. స్ప్రింగు పైకి తోస్తూనే ఉంటుంది కనుక పట్టీ ఎప్పుడూ బిర్రుగా ఉంటుంది. వదులుగా ఉంటే బండి జడత్వం వల్ల కొంత కదిలి, వేగం పుంజుకుని, పట్టీని ఒక్క కుదుపుతో లాగుతుంది. ఆ కుదుపుకే పట్టీలు తెగుతాయి. గేరు వేసి ఉంచడం మరో జాగ్రత్త. ఆగిన ఇంజను వెనుక చక్రాన్ని తిరగనివ్వదు. గేర్లు లేని స్కూటర్లకు ఈ సదుపాయం లేదు. ఇంజను ఆగితే చక్రం సులభంగా తిరుగుతుంది. కనుక బ్రేకు పిడిని తాడుతో బిగించి కట్టాలి.

ఒక్క మోటారు సైకిలు పడితే ఓడ మునగదన్న మాట నిజమే. కాని ఆ అంతస్తులో లారీలు కూడా ఉంటాయి. వదులుగా ఉన్న బరువు ఏం చేస్తుందో మీరే చూడవచ్చు. ఇంట్లో నీళ్ల తొట్టిలో స్టీలు పళ్లెం తేలనివ్వండి (సాగర్ కాలువలో మాత్రం వద్దు, అది పళ్లేన్నీ మిమ్మల్నీ కూడా తీసుకుపోతుంది). పళ్లెంలో ఐదారు గోలీలు వేసి ఒక అంచును కొంచెం నొక్కి వదలండి. గోలీలన్నీ ఆ అంచుకు దొర్లుతాయి, అంచు ఇంకా దిగుతుంది, నీరు లోపలికి వస్తుంది. ఇప్పుడు అవే గోలీలను తడిమట్టితో పళ్లెం అంతటా అక్కడక్కడ అంటించి అలాగే నొక్కి వదలండి. రెండు మూడుసార్లు ఊగి నిలుస్తుంది. తేలే వస్తువు ఒరిగినప్పుడు దిగిన వైపున నీరు ఎక్కువగా పైకి తోసి దాన్ని నిలబెట్టాలని చూస్తుంది. బరువు కూడా అదే వైపుకు జరిగితే ఆ తోపు చాలదు.

అన్నిటికంటే ప్రమాదకరమైన గోలీ నీరే. చెంబు నిండా నీళ్లు పట్టుకుని నడవండి, ఏమీ కాదు. అవే నీళ్లు వెడల్పాటి తాంబాళంలో పోసి నడవండి, మొదటి అడుగుకే ఒక పక్కకు పోతాయి. వాహనాల ఓడలో ఒక చివర నుండి మరో చివర దాకా అడ్డుగోడల్లేని అంతస్తు ఉంటుంది, లారీలు నేరుగా ఎక్కి దిగాలి కదా. అది పెద్ద తాంబాళమే. 1987 మార్చి 6న బెల్జియంలోని జీబ్రూగె రేవు నుండి 'హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్' అనే ఓడ ముందు తలుపులు మూయకుండానే బయలుదేరింది. నీరు వాహనాల అంతస్తులోకి చొరబడి ఒక పక్కకు చేరింది. కొద్ది నిమిషాలకే ఓడ పక్కకు పడిపోయింది, 193 మంది చనిపోయారు. 1994 సెప్టెంబరు 28న టాలిన్ నుండి స్టాక్‌హోమ్‌కు పోతున్న రాత్రి ఓడ 'ఎస్తోనియా' ముందు తలుపు తుఫాను అలలకు ఊడిపోయింది. నిద్రవేళ కావడంతో 852 మంది ప్రాణాలు పోయాయి.

వాహనాల అంతస్తులో ప్రయాణికులను ఉండనివ్వకపోవడానికి కారణం ఇప్పుడు మీకే తెలిసిపోయి ఉంటుంది. నీరు వస్తే మొదట వచ్చేది అక్కడికే. కట్టు తెగితే వాహనం కదిలేది అక్కడే. ఇంకొకటి కూడా ఉంది. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, కారితే నేలమట్టానే పేరుకుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు.

కట్టలేని సరుకు ఒకటుంది: మనుషులు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది మన ఒంగోలు వారే. అది అనుమతి లేని పడవ, దానిలో పరిమితికి మించిన జనం. అటువంటి పడవలో కొందరు లేచి నిలబడినా గరిమనాభి పైకి పోతుంది. ఒక పక్కకు జరిగితే గోలీల కథే. "కూర్చోండి, కదలకండి" అని సరంగు అరిచేది అందుకే. అప్పుడు పడవ సగం ఆయన చేతిలో, సగం మీ చేతిలో ఉంటుంది. పడవలో ఇచ్చే జాకెట్టుకు కూడా పట్టీలుంటాయి. వాటిని బిగించకుండా భుజాల మీద వేసుకుని ఊరుకుంటే, నీటిలో పడ్డప్పుడు జాకెట్టు మాత్రం పైకి తేలి తలమీదుగా జారిపోతుంది.