రక్తమార్పిడికి ముందు ప్రతిరక్షక శోధన

ఎర్ర రక్తకణపు ఉపరితలంపై ఉండి, పరాయి శరీరంలో చేరినప్పుడు రోగనిరోధక స్పందనను రేకెత్తించగల పదార్థాన్ని ప్రతిజనకమని, ఆ స్పందన ఫలితంగా ప్లాస్మాలో ఏర్పడే ప్రోటీన్‌ను ప్రతిరక్షకమని అంటారు. ఏ, బి ప్రతిజనకాలకు విరుద్ధమైన ప్రతిరక్షకాలు సహజంగానే ఏర్పడతాయి. ఆర్‌హెచ్, కెల్, డఫీ, కిడ్ వర్గాలకు చెందినవి ఎక్కువగా గర్భధారణ వల్లనో, పూర్వపు రక్తమార్పిడి వల్లనో పుడతాయి. రక్తం ఎక్కించకముందే ఈ రెండవ తెగను వెదకి పట్టుకోవడమే ప్రతిరక్షక శోధన.

దీనికి ఆధారం 1945లో కూంబ్స్, మౌరంట్, రేస్ వెలువరించిన పరీక్ష. రోగి ప్లాస్మాను ప్రతిజనకాలు ముందే నిర్ధారించిన ‘ఓ’ రక్త గ్రూపు కణాలతో కలిపి 37 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచితే, ప్రతిరక్షకం కణాలకు అంటుకుంటుంది గాని, వాటిని సాధారణంగా గుమిగూర్చలేదు. మానవ గ్లోబ్యులిన్‌కు విరుద్ధమైన కారకాన్ని చేర్చినప్పుడే గుచ్ఛీకరణం కనబడుతుంది. జెల్ పద్ధతిలో గుమిగూడిన కణాలు పైన నిలిచిపోతాయి. విడి కణాలు అడుగుకు దిగి చిన్న బిందువుగా చేరతాయి.

పరీక్షను మెరుగుపరచడమంటే తప్పుడు ప్రతికూల ఫలితానికి దారులు మూయడమే. గొట్టం పద్ధతిలో కణాలను సరిగా కడగకపోతే మిగిలిన గ్లోబ్యులిన్ కారకాన్ని నిర్వీర్యం చేస్తుంది. అందుచేత ప్రతికూలంగా తేలిన ప్రతి గొట్టానికీ ప్రతిరక్షకం పూసిన నియంత్రణ కణాలు చేర్చి, అవి గుమిగూడుతున్నాయో లేదో చూడాలి. కిడ్ ప్రతిరక్షకాలు సమయుగ్మజ (ఆ ప్రతిజనకపు జన్యువు రెండు ప్రతులూ ఒకేలా ఉన్న) కణాలతోనే బలంగా స్పందిస్తాయి గనుక అటువంటి కణాలను ఎంచుకోవాలి. ఈ ప్రతిరక్షకాలు కాలక్రమంలో పరీక్షకు అందనంతగా క్షీణిస్తాయి గనుక పాత నివేదికలను భద్రపరచాలి.

కణాల ఎంపికలో జనాభా వైవిధ్యం కూడా ముఖ్యం. ఐరోపా దాతల కణాలతో తయారైన ప్యానెల్‌లో, భారతీయుల్లో కొందరికి ఉండే ఐఎన్-ఏ వంటి ప్రతిజనకం లేకపోవచ్చు. అప్పుడు దాని ప్రతిరక్షకం ఉన్నా జాడ తెలియదు. దీనికి భిన్నంగా, కోలారుకు చెందిన ఒక రోగి ప్లాస్మా ప్యానెల్‌లోని ప్రతి కణంతోనూ స్పందించింది. కుటుంబ సభ్యుల రక్తమూ సరిపడలేదు. బెంగళూరు రక్తకేంద్రం ఆ నమూనాలను బ్రిస్టల్‌లోని అంతర్జాతీయ ప్రయోగశాలకు పంపగా, క్రోమర్ వర్గానికి చెందిన సీఆర్‌ఐబీ అనే కొత్త ప్రతిజనకం బయటపడింది. 2025లో మిలాన్‌లో జరిగిన ఒక సదస్సులో దీనిని ప్రకటించారు.

బెంగళూరు శివారులో, చందాపుర సమీపంలోని బొమ్మసంద్ర ఆసుపత్రులకు కర్ణాటక నుంచే కాక, ఆంధ్ర, తమిళనాడుల నుంచి కూడా రోగులు వస్తారు. అటువంటి చోట స్థానిక దాతల ప్రతిజనకాలను విస్తృతంగా నిర్ధారించి పట్టికలో నమోదు చేయడం శోధనకు తగిన కణాలను, రోగికి తగిన రక్తాన్ని ఏకకాలంలో సమకూరుస్తుంది.