ఏడవ మెట్టున మరలు యంత్రము: ఇంటి నాదయంత్రములపై అపోహలు, వాస్తవములు

ఎలక్ట్రానిక్ ధ్వని మన సంగీతమునకు పరాయిదని వాదించు పెద్దలు, సత్యవేటి ప్రాంతపు పెండ్లిపందిళ్లలో పూర్వము ఒత్తు ఊదువాడు కూర్చుండిన చోట నేడు తరచుగా శ్రుతిపెట్టె కూర్చున్నదన్న సంగతిని గమనింపరు. వేణువాదకుడును ఇంజనీరును అగు జి. రాజ్‌నారాయణ్ 1970ల చివర బెంగుళూరున ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టెను నిర్మించెను. అంతకు మునుపే, 1969లో, అహ్మదాబాదు జాతీయ డిజైన్ సంస్థకు మూగ్ సింథసైజరు వచ్చి చేరెను.

ఇంతకంటె మొండి అపోహ సీక్వెన్సరును గూర్చినది: ధ్వనులను నియతక్రమమున పలికించు ఆ యంత్రము నాలుగు, ఎనిమిది, పదునారు తప్ప లెక్కింపదనియు, మిశ్రచాపు దానికి లొంగదనియు. అంగళ్లలో దొరకు యంత్రములు పెక్కు పదునారు మెట్లతో వచ్చుటయే ఈ భ్రమకు మూలము. 1972లో విపణికి వచ్చిన 555 టైమరు ఐసీ రెండు రెసిస్టర్లు, ఒక కెపాసిటరు ఆధారముగా లయబద్ధమైన స్పందనలను పుట్టింపగా, 4017 అను లెక్కింపు ఐసీ వానిని తన పది అవుట్‌పుట్టులకు వరుసగా పంచిపెట్టును. ఎనిమిదవ అవుట్‌పుట్టగు 6వ పిన్నును రీసెట్టగు 15వ పిన్నునకు తీగతో కలిపినచో, యంత్రము ఏడు లెక్కించి మొదటికి మరలును. 1, 4, 6 మెట్లను డయోడుల ద్వారా ధ్వనికి కలిపినచో మూడు, రెండు, రెండుగా విరిగిన మిశ్రచాపు పలుకును. రీసెట్టు తీగను 1వ పిన్నునకు మార్చిన ఖండచాపునకు తగిన అయిదు, 9వ పిన్నునకు మార్చిన ఆదితాళపు ఎనిమిది లభించును. (ఈ పిన్నుల సంఖ్యలు వరుసలో లేకుండుట కొత్తవారిని తికమకపెట్టును గాన పటము చూచియే కలుపవలెను.) యంత్రమునకు తాళజ్ఞానము లేదనుట నిజమే; తీగ కలుపువానికి అది యుండవలెను.

కోడుతో పలికించిన శ్రుతి చెడునన్న మాటలో మాత్రము సగము సత్యము కలదు. పెక్కు ప్రోగ్రాములు, వేరుగా చెప్పనంతవరకు, పియానోవలె సమవిభాగపు స్వరస్థానములనే వాడును. షడ్జము 240 హెర్ట్జ్ అయినచో అంతరగాంధారము 300 వద్ద పలుకవలసియుండగా, అవి 302.4 వద్ద పలికించును. ఈ భేదమును మంచి చెవి పట్టును. అయినను సోనిక్ పై, ప్యూర్ డేటా వంటి ఉచిత సాధనములలో 240ని 5తో హెచ్చించి 4తో భాగించుమని వ్రాయుటకు ఒక్క పంక్తి చాలును.

ఇంజనీరింగు పట్టము, విశేషధనము కావలెనన్నది విచారింపదగినంతటి అపోహ కాదు: ఊత్తుకోట మీదుగా చెన్నపట్టణమునకు పోయి రిచ్చీ వీధిలో అడిగినచో పై ఐసీలు కొద్ది రూపాయలకే దొరకును.

ఇక విద్యుద్భయము. 9 వోల్టుల బ్యాటరీతో నడుచు యంత్రమువలన ప్రాణభయము లేదు. కాని గోడప్లగ్గునకు దీనిని నేరుగా కలుపరాదు, వాల్యూము తగ్గించు ఏర్పాటు లేకుండ హెడ్‌ఫోన్లను తగిలింపరాదు. 555 నుండి వెలువడు ధ్వని చెవికి హాని చేయునంత బిగ్గరగా నుండవచ్చును గనుక, పిల్లలు మొదట చిన్న స్పీకరుతోనే ప్రయత్నింతురు గాక.