తోబుట్టువులు - దాయాదులు

ఒక తల్లి కడుపున పుట్టినవారిని తోబుట్టువులు అంటాం. వారిలో అన్నదమ్ముల సంతానం తరువాతి తరంలో దాయాదులు అవుతారు. దాయం అంటే పంచుకోవలసిన ఆస్తి. అందులో భాగం పొందేవాడు దాయాది. మొదటి మాటలో కలిసి పుట్టడం ఉంది, రెండవ మాటలో పంచుకోవడం ఉంది. తోబుట్టువుల మధ్య పోటీ ఈ రెంటి నడుమనే పుడుతుంది.

అయితే ఆ పోటీ పొలం గట్టు మీద మొదలు కాదు; తల్లి ఒడిలోనే మొదలవుతుంది. అంతవరకు తనకొక్కడికే దక్కిన లాలన చంటిబిడ్డ రాకతో రెండు పాళ్లవుతుంది. పెద్దబిడ్డ మారాము చేస్తాడు. పెద్దలు దానిని అసూయ అంటారు. నిజానికి అది తన స్థానం ఏమైపోతుందోనన్న భయం.

ఈ భయాన్ని హాస్యంగా చిత్రించిన వాటిలో 'ది సింప్సన్స్' ఒకటి. మాట్ గ్రోనింగ్ సృష్టించిన ఈ కార్టూన్ ధారావాహిక 1989 డిసెంబరు 17న అమెరికా టెలివిజన్‌లో ప్రారంభమై నేటికీ కొనసాగుతున్నది. ఇందులో అన్న బార్ట్ పదేళ్ల అల్లరి పిల్లవాడు. చెల్లెలు లీసా ఎనిమిదేళ్ల చదువరి. 1992లో ప్రసారమైన ఒక భాగంలో, లీసా పుట్టడంతో తన తొట్టిమంచం పోయిందని పసివాడైన బార్ట్ అలిగి, ఇల్లు విడిచి పోవడానికి సిద్ధపడతాడు. అప్పుడు ఆ పాప తొలిసారిగా పలికిన మాట 'బార్ట్'.

1994లో ప్రసారమైన మరొక భాగంలో అన్నాచెల్లెళ్లు ఐస్ హాకీలో ప్రత్యర్థి జట్లలో ఆడతారు. తండ్రి హోమర్ గెలుపును బట్టి ప్రేమను కొలిచి, పోటీని పగగా మారుస్తాడు. చివరి క్షణాలలో అన్న గోలు కొట్టాలి, చెల్లెలు ఆపాలి. ఇద్దరికీ చిన్ననాడు ఒకరికొకరు చేసుకొన్న మేలు జ్ఞప్తికి వస్తుంది. ఆట సామగ్రిని పారవేసి కౌగిలించుకొంటారు. ఆట సమంగా ముగుస్తుంది. ప్రేక్షకులు మాత్రం మండిపడతారు! పిల్లల పోటీకి ఆజ్యం పోసేది పోల్చి చూసే పెద్దలేనని ఈ కథ తెలుపుతుంది.

కానీ బార్ట్, లీసాలకు వయసు పెరగదు. వారికి ఆస్తి పంపకాల రోజు రాదు. మన ఇళ్లలో పిల్లలు పెరుగుతారు. ఆ రోజు వస్తుంది. అప్పుడు ఎలా మెలగాలో చెప్పే కథ ఒకటి చిత్తూరు జిల్లాలో కాణిపాకం చెంత ప్రవహించే బాహుదా నదితో ముడివడి ఉంది. మహాభారతం శాంతిపర్వంలోనూ కనిపించే కథ ఇది.

శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు. అన్న లేని వేళ తమ్ముడు అతని తోటలో పండ్లు కోసి తిన్నాడు. అడగక తీసుకోవడం దొంగతనమే కనుక రాజు వద్దకు వెళ్లి శిక్ష కోరుకొమ్మన్నాడు అన్న. రాజు మన్నిస్తానన్నా లిఖితుడు అంగీకరింపలేదు. రాజు అతని చేతులు ఖండింపజేశాడు. తిరిగివచ్చిన తమ్మునితో అన్న, "నాకు నీపై కోపం లేదు" అని పలికి, నదిలో తర్పణం విడువమన్నాడు. పోయిన చేతులు తిరిగి వచ్చాయి. బాహువులను ప్రసాదించినది కనుక ఆ నది బాహుద అయింది. శిక్ష నేటి మనకు కఠినంగా తోచవచ్చు. అయినా శంఖుడు ప్రేమ కొద్దీ తప్పును దాచలేదు. తప్పు జరిగిందని ప్రేమను విడువలేదు. తీర్పును తన చేతిలోకి తీసుకోలేదు.

తిరుపతిలో అక్కచెల్లెళ్లకు సంబంధించిన సంప్రదాయం ఒకటి ఉంది. తాతయ్యగుంట గంగమ్మను వేంకటేశ్వరస్వామికి చెల్లెలిగా భావిస్తారు. ఏటా మే నెలలో జరిగే జాతరకు తిరుమల నుండి పసుపు, కుంకుమ, చీరలతో సారె వస్తుంది. అడగకముందే అన్న పంపే కానుక అది.

అయితే సారె వేరు, పాలు వేరు. సారె ఆప్యాయతకు గుర్తు, పాలు హక్కు. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుండి అమలైన సవరణ, హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో అప్పటికి పెళ్లికాని కుమార్తెలకు కుమారులతో సమాన హక్కు ఇచ్చింది. 2005లో వచ్చిన కేంద్ర సవరణతో వివాహితలకు కూడా ఆ హక్కు దక్కింది. అయినా వాటా అడిగిన ఆడబిడ్డను పుట్టింటికి పరాయిదానిగా చూసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. సారె పెట్టిన చేతితోనే వాటాను కాదనడం న్యాయం కాదు.

పంపకం బంధానికి శత్రువు కాదు. అన్యాయమైన పంపకమే శత్రువు. ఎవరి పాలు వారికి దక్కిన ఇంట దాయాదులు సైతం తోబుట్టువులుగానే మిగులుతారు.