దూరం ఒక్కటే, భారం వేరు

మొదట ఈత, తరువాత సైకిలు, ఆఖరున పరుగు. ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి ఆగకుండా సాగే పోటీని ట్రయథ్లాన్ అంటారు. 1978లో హవాయి దీవులలో 15 మందితో మొదలైన ‘ఐరన్‌మాన్’ పోటీలో 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, 42.2 కిలోమీటర్ల పరుగు ఉంటాయి. అందులో సరిగ్గా సగం దూరాల పోటీ కూడా ఉంది. దాని మూడు దూరాలనూ మైళ్ళలో కూడితే 70.3 వస్తుంది. ఆ అంకెనే దానికి పేరుగా పెట్టారు. 2019 అక్టోబరులో మన గోవా తీరాన ఈ సగం పోటీ జరిగింది.

మీ బాబాయి మొదటిసారిగా ఇటువంటి పోటీకి పేరు ఇవ్వదలచారనుకోండి. ఏ ఊరు ఎంచుకోవాలి? ‘ఎక్కడైనా దూరం అంతే గదా!’ అంటారేమో. దూరం అంతే. కాని శరీరం మోసే భారం మాత్రం ఊరిని బట్టి, నెలను బట్టి, ఆఖరికి గడియారాన్ని బట్టి కూడా మారుతుంది.

మన కండరాలు ఒక విధమైన యంత్రాలు. ఆహారం నుండి వచ్చే శక్తిలో అవి పనిగా మార్చగలిగేది సుమారు నాలుగోవంతు మాత్రమే. మిగిలిన మూడువంతులూ వేడిగా మారుతుంది. బాబాయి 150 వాట్ల సామర్థ్యంతో సైకిలు తొక్కుతుంటే, ఆయన ఒంట్లో 450 వాట్ల వేడి పుడుతూ ఉంటుందన్నమాట! ఇది ఒక చిన్న ఇస్త్రీపెట్టె పుట్టించే వేడికి తీసిపోదు. ఈ వేడి బయటికి పోకపోతే ఒళ్ళు కాగిపోతుంది. చెమట ఆవిరయ్యేటప్పుడు గుప్తోష్ణం రూపంలో వేడిని తీసుకుపోతుంది. లెక్కవేస్తే, ఈ వేడినంతా చెమటే మోయాలంటే గంటకు లీటరులో మూడింట రెండువంతుల చెమట ఆవిరి కావాలి. గుర్తుంచుకోండి, కారడం కాదు, ఆవిరి కావాలి. సముద్రతీరాల్లో గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది కనుక చెమట ఆరదు, ధారలుగా కారిపోతుంది. అలా కారిన చెమట వల్ల నీరూ ఉప్పూ నష్టమే గాని, ఒళ్ళు చల్లబడదు. విశాఖలో వేసవి ఉక్కపోత ఎరిగినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

సైకిలు మీద ఉన్నంతసేపూ ఎదురుగాలి వీవనలా పనిచేస్తుంది. గంటకు 25 కిలోమీటర్ల వేగం తగ్గి, 8 లేక 9 కిలోమీటర్ల పరుగులోకి దిగేసరికి ఆ గాలి తగ్గిపోతుంది. ఇక్కడే చాలామంది చూడని చిక్కు ఒకటుంది. పోటీ ఉదయం ఏడింటికి మొదలైందనుకుందాం. అందరికంటె ముందుండేవారు మధ్యాహ్నానికి ముందే ముగించేస్తారు. బాబాయి ఈతకు 50 నిమిషాలు, సైకిలుకు మూడున్నర గంటలు, బట్టలు మార్చుకోవడానికి మరికొంతసేపు తీసుకుంటే, ఆయన పరుగు మొదలయ్యేది పదకొండున్నర దాటాకే. అంటే నెమ్మదిగా వెళ్ళేవారికే నడినెత్తిన ఎండ! కనుక పోటీ జరిగే నెలలో మధ్యాహ్నం ఎంత వేడి, ఎంత తేమ ఉంటాయో ముందు చూడాలి. ఉదయపు చల్లదనం చూసి మోసపోకూడదు.

అలాగైతే చల్లని కొండప్రాంతం మేలా? 2015లో ప్రపంచ స్థాయి సగం పోటీ ఆస్ట్రియాలోని త్సెల్ ఆమ్ జే అనే ఊళ్ళో జరిగింది. అక్కడ ఈత ఆల్ప్స్ పర్వతాల నడుమనున్న సరస్సులో. సైకిలు దారి సుమారు 530 మీటర్ల ఎత్తు ఎక్కి ఒక కనుమ మీదికి పోతుంది. మనిషి, సైకిలు కలిసి 80 కిలోగ్రాములనుకుంటే ఆ ఒక్క ఎక్కుడుకే ఒంట్లోని సుమారు 400 కిలోకాలరీలు ఖర్చవుతాయి. కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో దాచిన నిల్వ మొత్తం రెండువేల కిలోకాలరీల లోపే గదా! మరి దిగేటప్పుడు ఆ శక్తి తిరిగి రాదా? కొంత వస్తుంది. కాని వేగం రెట్టింపైతే గాలి అడ్డుకునే బలం నాలుగింతలవుతుంది. పైగా కొత్తవారు భయంతో బ్రేకులు నొక్కుతూనే ఉంటారు. ఎంతో కష్టపడి ఎక్కిన ఎత్తంతా బ్రేకుల్లో వేడిగా పోతుంది, పాపం.

నీటి సంగతీ చూడాలి. ఉప్పునీరు మంచినీటికంటె సుమారు రెండున్నర శాతం సాంద్రమైనది, మనిషిని కొంచెం ఎక్కువగా తేలుస్తుంది. అయితే అలలుంటాయి. సరస్సు నిలకడగా ఉంటుంది గాని, చల్లనిదైతే అందులో దిగగానే ఊపిరి ఎగబీల్చుకుంటాము. ఆ క్షణంలో నోరు నీటిలో ఉంటే ప్రమాదం. నీటిలో వేడి గాలిలో కంటె పాతిక రెట్లు వేగంగా పోతుంది కనుక రబ్బరు ఈత దుస్తులు వేసుకుంటారు.

నన్నడిగితే, మొదటిసారికి అలలు లేని నీరు, చదునైన రోడ్డు, చలికాలపు తేదీ, ఈ మూడూ కలిసిన చోటు మేలంటాను. మూడూ దొరకకపోతే ముందు తేదీని పట్టుకోవాలి. కొండలకు కాళ్ళను అలవాటు చేసుకోవచ్చు. వేడికి కూడా శరీరం రెండు వారాల్లో కొంతవరకు అలవాటుపడి, త్వరగా చెమట పట్టడం, చెమటలో ఉప్పు తగ్గడం మొదలవుతాయి. కాని గాలిలోని తేమను ఎవరూ తగ్గించలేరు. అలా అని దాహం లేకపోయినా బిందెలకొద్దీ మంచినీళ్ళు తాగినా ముప్పే. రక్తంలో సోడియం పలచబడి స్పృహ తప్పవచ్చు.

ఇక మీరు అంటారా, 70.3 పోటీల్లో 18 ఏళ్ళు నిండనివారిని చేర్చుకోరు. చిన్న దూరాల పోటీలు వేరే ఉన్నాయి. ఈలోగా బాబాయి పరుగెత్తి వచ్చే ముందూ తరువాతా ఆయనను తూకం వేసి చూడండి. తగ్గిన బరువుకు, మధ్యలో తాగిన నీటి బరువు కలిపితే, ఆయన ఒంటినుండి ఎంత చెమట పోయిందో ఇంచుమించుగా తెలుస్తుంది. ఎండ రోజునా, మబ్బు రోజునా ఒకే దూరానికి ఆ రెండు అంకెలనూ పక్కపక్కన రాయండి.