మీకు తెలుసా? యాంటీబాడీల వెనుక భీమవరం బిడ్డ

ఒకే రకం యాంటీబాడీలను ఎడతెగకుండా తయారుచేసే కణాలను 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టైన్ అనే శాస్త్రవేత్తలు వేరుచేయగలిగింది అమినోప్టెరిన్ సాయంతోనే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో నడిపించిన పరిశోధనలో తయారైన మందు అది!

నిజానికి అది క్యాన్సర్ మందు. 1947 చివర్లో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా సోకిన పిల్లలకిచ్చారు. యాంటీబాడీల కోసం దాన్ని వాడే ఊసే అప్పుడు లేదు.

తర్వాత కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టైన్ ఎలుక ప్లీహంలోని యాంటీబాడీ కణాలను క్యాన్సర్ కణాలతో కలిపారు. జతకూడని క్యాన్సర్ కణాలు అమినోప్టెరిన్ కలిసిన ద్రవంలో డీఎన్ఏ తయారుచేసుకోలేక చచ్చిపోతాయి. జతకూడని ప్లీహ కణాలకు ఎలాగూ ఆయుష్షు తక్కువ. మిగిలేవి జతకూడినవే. ఈ పనికి 1984లో వాళ్లిద్దరికీ నోబెల్ దక్కింది, మరో శాస్త్రవేత్త నీల్స్ యెర్నెతో పాటు. సుబ్బారావు 1948లోనే కన్నుమూశారు.

ఇవాళ మందుల షాపుకెళ్లి గర్భనిర్ధారణ కిట్ అడిగితే, ఆ పట్టీ మీద గీత తేల్చేవి ఇలాంటి యాంటీబాడీలే. అమినోప్టెరిన్‌కు తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్‌నేమో రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్నవాళ్లు వారానికోసారి వేసుకుంటున్నారు, అదుపు తప్పిన రోగనిరోధక శక్తిని తగ్గించడానికి.